పాచి తినే చేప కొనే ముందు

కర్నూలు

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

నీ చేపల తొట్టి ఫోటో చూసినా. అద్దమంతా పచ్చగా పాచి పట్టిందని, అంగడోడు చెప్పినట్టు సక్కర్ ఫిష్ తెచ్చి వేస్తానంటున్నావు. రవంత ఆగు. ఆ చేప అంగట్లో నీ వేలంతే ఉంటుంది, పెరిగితే అడుగు దాటుతుంది. నీది రెండడుగుల తొట్టి. పొడవు 2, వెడల్పు 1, ఎత్తు 1 అడుగు అంటే లెక్కకు 56 లీటర్లు. గులకరాళ్లు పోసి, పైన నాలుగు వేళ్లు వదిలితే నిలిచేది 45 లీటర్ల లోపే. పెద్దదైతే అది అందులో తిరగను కూడా తిరగలేదు. పైగా ఎదిగేకొద్దీ పాచి మీద దానికి మోజు తగ్గుతుంది, నువ్వు వేసే మేత మీద పడుతుంది. రోజంతా రెట్ట వేస్తుంది, ఆ రెట్టే పాచికి ఎరువు.

పెంచలేకపోతే కేసీ కాలువలోనో తుంగభద్రలోనో వదిలేద్దామని మాత్రం అనుకోవద్దు. అది దక్షిణ అమెరికా చేప. గట్లు తవ్వి గుంతల్లో గుడ్లు పెడుతుంది, ముళ్ల రెక్కలతో వలలు చింపుతుంది. చేపలు పట్టేవాళ్లు దాన్ని దెయ్యం చేప అనేది ఊరికే కాదు.

అసలు నీకు పట్టింది ఏ పాచో ముందు చూసుకో. కొత్త తొట్టిలో గోధుమ రంగు పొర పట్టి, వేలితో రుద్దితే పోతుంటే దానికి చేప అక్కర్లేదు. ఒకటి రెండు నెలల్లో తనంతట తగ్గుతుంది. నీళ్లే పచ్చగా మారితే ఏ చేపా బాగుచేయలేదు, ఆ పాచి కంటికి కనపడనంత చిన్నది. లైటు ఆపి, తొట్టికి దుప్పటి కప్పి మూడు రోజులు ఉంచు, గాలి పంపు మాత్రం ఆడుతుండాలి. తర్వాత మూడో వంతు నీళ్లు మార్చు. నీలిపచ్చగా జిగటగా పరుచుకుని వాసన కొడితే అది పాచి కాదు, బాక్టీరియా. దాన్ని చేపలు పెద్దగా ముట్టవు, పైపుతో లాగేయాల్సిందే.

నీ ఫోటోలో ఉన్నది అద్దం మీద పచ్చ పొర, రాళ్ల అంచున నల్ల కుచ్చు. నల్ల కుచ్చును గట్టిగా తినేది సయామీస్ ఆల్గే ఈటర్. కానీ అది అరచేతి పొడవు పెరుగుతుంది, గుంపు కోరుతుంది, ఎగిరి బయట పడుతుంది. మూడడుగుల తొట్టి, మూత ఉంటేనే దాని మాట. పైగా ఆ పేరుతో అంగళ్లలో వేరేవి అంటగడతారు. అసలుదానికి ఒంటి మీది నల్ల గీత తోక చివరిదాకా సాగుతుంది, రెక్కలు మాత్రం తెల్లగా, గాజు మాదిరి ఉంటాయి. రెక్కల్లో నలుపు, అంచున తెలుపు ఉంటే అది ఫ్లయింగ్ ఫాక్స్. మూతితో అద్దానికి అతుక్కుంటే చైనీస్ ఆల్గే ఈటర్. సయామీస్‌కు అట్లా అతుక్కునే మూతి లేదు, రెక్కల మీద ఆనుకుని నిలబడుతుంది. చైనీస్‌ది పసుపు రంగులో కూడా వస్తుంది, చూసేదానికి ముద్దుగా ఉంటుంది. పెరిగినాక గోల్డ్ ఫిష్, ఏంజెల్ ఫిష్ మీద అతుక్కుని ఒంటి జిగురు నాకి పుండ్లు చేస్తుంది. దాని జోలికి పోవద్దు.

ఓటో అనే బుల్లి చేప పనిమంతురాలే, కానీ మీ అనంతపురానికి పనికిరాదు. దానికి సున్నం తక్కువుండే మెత్తని నీళ్లు, 26 డిగ్రీల లోపు చల్లదనం కావాలి. మీ బోరు నీళ్లు సున్నం ఎక్కువుండే గట్టివి, ఏప్రిల్‌లో తొట్టి నీళ్లు 30 దాటతాయి. నీళ్లను చేపకు సరిపెట్టడం కంటే నీళ్లకు సరిపోయే చేపను తెచ్చుకోవడమే మేలు.

అందుకే నీకు మోలీ చేపలు. గట్టి నీళ్లే వాటికి ఇష్టం, మెత్తని పాచిని రోజంతా కొరుకుతుంటాయి. ఒక మగది, మూడు ఆడవి చాలు. మగవి ఎక్కువైతే ఆడవాటిని వెంటాడి చంపేస్తాయి. పిల్లలు శానా పెడతాయి, వాటిని ఎవరికి ఇస్తావో ముందే అనుకో. వాటితోపాటు మూడు నెరైట్ నత్తలు. అద్దం మీది గట్టి పచ్చ చుక్కలను గీకేది అవే, గట్టి నీళ్లలో చిప్ప కూడా బలంగా ఉంటుంది. తెల్లటి గుడ్లు అతికిస్తాయి, మంచినీళ్లలో పిల్లలు కావు, బ్లేడుతో గీకెయ్యి. నత్తలున్న తొట్టిలో రాగి కలిసిన మందు వేస్తే చచ్చిపోతాయి, సీసా మీద చదివి వెయ్యి. నల్ల కుచ్చు పట్టిన రాళ్లను బయటికి తీసి రుద్ది, ఎండలో పెట్టు.

తొట్టిలో కడప బండ ముక్కలు వేసినట్టున్నావు. అది సున్నపురాయి. బయట ఒక ముక్క మీద బాత్రూమ్ కడిగే ఆసిడ్ చుక్క వేస్తే పొంగుతుంది చూడు. మోలీలకు నష్టం లేదు, రేపు వేరే చేప తెస్తే మాత్రం తీసేయాల్సి వస్తుంది.

చేపలు వచ్చినా లైటు ఆరు గంటలకు మించొద్దు, టైమర్ పెట్టు. కిటికీ ఎండ పడకుండా జరుపు. మేత రెండు నిమిషాల్లో అయిపోయేంతే వెయ్యి, వారానికి ఒక పూట పస్తు పెట్టు. కడుపు నిండితే మోలీ పాచి ముఖం చూడదు. వారానికి పావు వంతు నీళ్లు మార్చు. కుళాయి నీళ్లయితే క్లోరిన్ విరిచే మందు తప్పదు. ఎండాకాలం నీళ్ల మీద ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అట్లా ఆవిరైన నీళ్ల స్థానంలో ఆర్వో నీళ్లే పోయాలి, బోరు నీళ్లు పోస్తూ పోతే ఉప్పు పేరుకుంటుంది. ఐసు ముక్కలు వద్దు.

కొనేటప్పుడు కడుపు లోపలికి పీక్కుపోయినవి, ఒక మూల కదలకుండా ఉన్నవి, రెక్కలు ముడుచుకున్నవి వద్దను. ఇంటికి తెచ్చినాక కవరు 20 నిమిషాలు నీళ్ల మీద తేల్చు. పది నిమిషాలకోసారి తొట్టి నీళ్లు ఒక గ్లాసు కవరులో పోస్తూ అరగంట ఉంచు. చేపలను వలతో తీసి వెయ్యి, అంగడి నీళ్లు తొట్టిలో కలపొద్దు. వేరే బకెట్టు, గాలి పంపు ఉంటే ముందు రెండు వారాలు దాంట్లోనే పెట్టు, తెల్ల చుక్కల జబ్బు ఉంటే అక్కడే బయటపడుతుంది.

మీ మామ