డైల్యూయెంట్ కూడా రాయి

అమ్మాయీ,

టీకా శిబిరాల కోసం నువ్వు రాసిన యాక్షన్ ప్లాన్ రెండుసార్లు చదివాను. ముప్ఫై పేజీల్లో ఇరవై ఆశయాలకే పోయాయి. "అవగాహన పెంచడం, అన్ని ప్రాంతాల్లో, నిరంతరం" అని రాశావు చూడు, ఆ వరుస కొట్టెయ్. నిరంతరం అని రాసిన పని ఎవరి నెత్తినా ఉండదు. ఎవరు, ఏ తేదీకి, దేంతో చేస్తారో మూడు గళ్లూ నిండాలి.

నేనూ ఒకప్పుడు అలా రాసినవాణ్ణే. తట్టు టీకా శిబిరానికి "టీకా 200 డోసులు" అని రాశాను, వచ్చాయి. ఆ టీకా పొడిగా ఉంటుంది, దానికని ఇచ్చే డైల్యూయెంట్ అనే ద్రవం కలిపితే గానీ వెయ్యలేం. అది తెప్పించాలని నేను ఎక్కడా రాయలేదు. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని పదకొండింటి దాకా చూసి వెళ్లిపోయారు. స్టోర్ వాళ్లని ఏమనగలం? రాయనిది నేను.

అందుకే శిబిరం రోజుని పొద్దున్నించి ఒకసారి మనసులో నడిచి చూడు. ఫ్రీజర్లోంచి తీసిన ఐస్ ప్యాక్‌లు వెంటనే క్యారియర్‌లో, అంటే టీకాలు మోసే పెట్టెలో పెడితే, ఐదు జబ్బులకి కలిపి వేసే పెంటావలెంట్ లాంటి టీకాలు గడ్డకట్టి పాడవుతాయి. ప్యాక్‌ని చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు రావాలి, అప్పుడు సర్దాలి. దానికి టైమ్ పడుతుంది. నీ పట్టికలో బండి కదిలేదీ 8 గంటలకే, సిబ్బంది వచ్చేదీ 8 గంటలకే!

ఇంకోటి. కలిపిన తట్టు టీకాని కొన్ని గంటలు దాటితే పారెయ్యాలి. ముగ్గురు పిల్లల కోసం పది డోసుల సీసా తెరవాలా అని నర్సు జంకుతుంది. ఒక్కరొచ్చినా తెరవమని ప్లాన్‌లోనే రాసి, ఆ వృథాని ఇండెంట్‌లో, అంటే సరుకు కోరే కాగితంలో ముందే కలుపు. లేకపోతే మాట పడేది ఆవిడే.

ఎన్ని శిబిరాలు పెట్టామన్నది కొలతగా పెట్టావు. పైవాళ్లకి నచ్చుతుంది గానీ నీకు ఏమీ చెప్పదు. మొదటి డోసు వందమందికి పడి మూడోది డెబ్బైమందికే పడిందనుకో, ఆ ముప్ఫైమందికీ చోటు తెలుసు, ఒకసారి వచ్చారు కూడా. ఎందుకు మానేశారో ఇంటికెళ్లి అడగాలి. అసలు ఒక్కసారీ రానివాళ్ల సంగతి వేరు, వాళ్ల పేర్లే నీ జాబితాలో ఉండకపోవచ్చు. రెంటినీ ఒకే గడిలో కుక్కకు.

సరుకు చాలదని నీకు టెన్షన్ కదా? మశూచి మీద మొదట్లో 80 శాతం జనాభాకి టీకా వెయ్యడమే లక్ష్యం. 1966 చివర్లో తూర్పు నైజీరియాలో టీకా చాలక, అమెరికా డాక్టరు విలియం ఫేగీ బృందం రోగులెక్కడున్నారో వెతికి వాళ్ల చుట్టూ ఉన్నవాళ్లకే వేసింది. అక్కడ జబ్బు ఆగింది. తర్వాత మిగతా చోట్లా ఆ పద్ధతే పట్టుకున్నారు, 1980లో మశూచి పోయిందని ప్రకటించారు. నీ ప్లాన్‌లో మ్యాపే లేదు. ఉన్న సరుకు ముందు ఎక్కడికి పోవాలో మ్యాప్ మీద గుర్తుపెట్టు.

బడ్జెట్ పేజీలు తర్వాత చూద్దాం. ముందు ఆ 8 గంటల సంగతి తేల్చి ఆదివారం లోపు పంపు.

మీ బాబాయి