‘రైట్‌ఫుల్’ ఎవరికి వాడాలి?

ప్రశ్న: నాన్నగారు పోయాక జీడితోటలో నా వాటా కోసం అర్జీ పెడుతున్నాను. రాసిపెట్టినాయన నన్ను ‘రైట్‌ఫుల్ హెయిర్’ (వారసురాలు) అన్నారు. నిఘంటువులో ‘న్యాయమైన’ అని ఉంది. అలాగైతే నీతిగా బతికే మనిషిని ‘రైట్‌ఫుల్ మ్యాన్’ అనొచ్చా? ‘లాఫుల్’కీ దీనికీ తేడా ఏమిటి?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: నిఘంటువు చెప్పింది సగమేనమ్మా. ఇందులోని ‘రైట్’ అంటే హక్కు. ఒక వస్తువో వాటానో పదవో న్యాయంగా ఎవరికి చెందాలో చెప్పే మాట ఇది. ఇప్పుడు ఎవరి చేతిలో ఉందన్నది లెక్కలోకి రాదు. మీ తోటలో పిక్కలు ఇంకెవరు ఏరుకుంటున్నా ‘రైట్‌ఫుల్ ఓనర్’ మీరే కావచ్చు. బస్సులో దొరికిన పర్సును అసలు సొంతదారుకి అప్పగిస్తే ‘టు ఇట్స్ రైట్‌ఫుల్ ఓనర్’ అంటారు. చేతిలో ఉన్నవాళ్ళూ హక్కున్నవాళ్ళూ వేరైనచోటే ఈ మాటకి ఎక్కువ పని.

నీతిమంతుడికి ఇది నప్పదు, ‘అప్‌రైట్’ అనండి.

ఎక్కువమంది తడబడేది వాక్యంలో. ఇది సాధారణంగా నామవాచకానికి ముందే వస్తుంది: రైట్‌ఫుల్ షేర్, రైట్‌ఫుల్ ప్లేస్. ‘నాకు వాటాకి హక్కుంది’ అనడానికి ‘ఐ యామ్ రైట్‌ఫుల్ టు ఎ షేర్’ అని రాస్తుంటారు. అది తప్పు. ‘ఐ యామ్ ఎన్‌టైటిల్డ్ టు ఎ షేర్’ అనాలి. ‘ఇది న్యాయంగా నాది’ అనడానికి ‘ఇట్ ఈజ్ రైట్‌ఫుల్లీ మైన్’ చక్కగా సరిపోతుంది.

‘లాఫుల్’ అంటే చట్టం ఒప్పుకున్నది. ‘రైట్‌ఫుల్’లో న్యాయం ముందు, చట్టం తర్వాత. ఆడపిల్లల వాటానే చూడండి. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతో వచ్చే హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది, అదీ అప్పటికి పెళ్ళికాని వాళ్ళకే. 2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్ర సవరణ పెళ్ళయినవాళ్ళకీ ఇచ్చింది. అంతకుముందు కూడా ఆ వాటాని ‘రైట్‌ఫుల్’ అని వాదించవచ్చు. ‘లాఫుల్’ అనడానికి మాత్రం ఆ సవరణలు రావలసి వచ్చింది.

మీ అర్జీలో ‘లీగల్ హెయిర్’ అని మార్పించండి; ఆఫీసుల్లో నడిచే మాట అదే. కోరిక చెప్పే వాక్యంలో ‘మై రైట్‌ఫుల్ షేర్’ ఉంచండి. అయితే ఆ విశేషణం దేనికీ రుజువు కాదు. సర్వే నంబరు, విస్తీర్ణం, నాన్నగారి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం వివరాలు దాని పక్కనే ఉండాలి. అర్జీ తెలుగులోనే పెట్టేటట్టయితే ‘న్యాయంగా నాకు రావలసిన వాటా’ అని రాయండి.