జూన్‌లో లేక్ సుపీరియర్‌లో ఈత కొట్టొచ్చా?

జూన్‌లో ఎండ బాగానే ఉంటుంది కదా, అమెరికా, కెనడా సరిహద్దులో ఉన్న పెద్ద సరస్సు లేక్ సుపీరియర్‌లో ఈతకి దిగొచ్చా అని అడిగారు, దిగకపోవడమే మంచిదండి. ఒడ్డున టీషర్ట్‌తో తిరిగేంత వేడి ఉన్నా లోపలి నీళ్లు అప్పటికింకా 4, 5 డిగ్రీల దగ్గరే ఉంటాయి, సగటు లోతే 147 మీటర్లు, అంత నీరు వేడెక్కాలంటే టైమ్ పడుతుంది మరి. జూలై చివర్నుంచి ఆగస్టు దాకా బెటర్, అదీ లోతు తక్కువున్న ఇసుక తీరాల్లో. అప్పుడు కూడా ఒడ్డు నుంచి లోపలికి గట్టిగా గాలి వీస్తే పైనున్న వెచ్చటి నీళ్లు పక్కకెళ్లిపోయి అడుగునున్న చల్లనీళ్లు పైకొచ్చేస్తాయి, నిన్న హాయిగా ఈదిన చోటే ఇవాళ కాళ్లు కొంకర్లు పోతాయి. ఒక్కసారిగా మాత్రం దూకకండి ప్లీజ్, మొదటి నిమిషంలో ఎగశ్వాస వచ్చేస్తుంది, అప్పుడు తల నీళ్లలో ఉంటే ఎంత ఈత వచ్చినా ప్రాణం మీదకొస్తుంది.