సమాధానం: ఫ్రెనెల్ కటకం పెట్టాక సోలార్ ప్యానెల్ ఉత్పత్తి తగ్గడం గురించి

మీ సిలికాన్ ప్యానెల్ మీద ఫ్రెనెల్ కటకంతో (వలయాలుగా గాడులున్న పలుచని కటకం) ఎండను కేంద్రీకరిస్తే విద్యుత్తు పెరగాల్సింది పోయి తగ్గిందని, మరి అంతరిక్షంలో ఇది ఎలా పనిచేస్తుందని అడిగారు. ప్యానెల్‌లో శ్రేణిలో (ఒకదాని వెనక ఒకటిగా) కలిపిన ఘటాలలో (సోలార్ సెల్స్‌లో) అన్నిటికంటే తక్కువ వెలుతురు అందినదే మొత్తం కరెంటును నిర్ణయిస్తుంది కనుక, ఒక ఘటం మీద మిరుమిట్లు గొలిపే మచ్చ పడి, పక్కవి కటకపు చట్రం నీడలో ఉంటే లాభం ఉండదు. పైగా సిలికాన్ ఘటం వేడెక్కే ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి సుమారు 0.4 శాతం తగ్గుతుంది. ముందు ఆ కటకాన్ని తీసేయండి, లేకపోతే ప్యానెల్ కాలిపోవచ్చు. కేంద్రీకరణే కావాలంటే, అందుకోసమే తయారైన బహుళసంధి ఘటాన్ని (వెలుతురులోని వేర్వేరు రంగులను వేర్వేరు పొరలు పట్టుకునేది) వేడిని లాగేసే అల్యూమినియం హీట్‌సింక్‌కు అతికించి, సూర్యుణ్ణి అనుసరించే ట్రాకర్ మీద అమర్చాలి. 1998లో నాసా ప్రయోగించిన డీప్ స్పేస్-1 నౌక ఫ్రెనెల్ కటకాలతోనే విద్యుత్తు పొందింది. అయితే అక్కడ గాలి ఉండదు కనుక ఘటాల వేడి వికిరణంగా మాత్రమే బయటికి పోవాలి.