పొట్ట చూడకుండా పాముని కొనకు

శ్రీకాకుళం

అల్లుడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన కార్న్ స్నేక్ (అమెరికా జాతి పెంపుడు పాము) పిల్ల ఫోటోని పెద్దది చేసి నాలుగుసార్లు చూశాను. అమ్మేవాడు దాన్ని చార్‌కోల్ అనే రంగు రకం అంటున్నాడని, అందుకే రేటు ఎక్కువని రాశావు. అడ్వాన్స్ ఇంకా కట్టలేదు కదా? కట్టకు.

నా మొదటి పాముని నేనూ చార్‌కోల్ అనే కొన్నాను. బూడిదరంగు ఒళ్లు, నల్లటి మచ్చలు, ఎక్కడా ఎరుపు లేదు. ఏడాది దాటాక ఒకసారి కుబుసం విడిచి బయటికొస్తే గొంతు కింద, మెడ పక్కన లేత పసుపు, పేరంటానికి వెళ్లొచ్చినట్టు! అప్పుడు తెలిసింది అది అనెరీ అనే ఇంకో రంగు రకమని. రెండింటికీ ఎరుపు ఉండదు. వయసు పెరిగేకొద్దీ అనెరీకి మెడ దగ్గర పసుపు దిగుతుంది, చార్‌కోల్‌కి మామూలుగా దిగదు. పిల్లప్పుడు వీటిని కంటితో విడదీయడం నాకు ఇప్పటికీ చేతకాదు. అందుకని తల్లిదండ్రుల ఫోటోలు అడుగు. చూపించకపోతే అనెరీ రేటే ఇస్తానని చెప్పు.

ఒంటి మీద నలుపన్నది లేక, కళ్లు ఎర్రగా ఉంటే అది అమెల్ రకం. ఈ గుణం తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తేనే బయటపడుతుందని అమెరికాలో బెక్టెల్ అనే చర్మవైద్యుడు, ఆయన భార్య పాముల్ని పెంచి చూసి 1962లో రాశారు. అమెల్, అనెరీ రెండూ ఒకే పాములో కలిస్తే స్నో, అంటే తెలుపూ గులాబీ కలిసిన రంగు.

రంగుకన్నా మచ్చల దగ్గరే మోసపోతారు. పిల్లని మెల్లగా తిప్పించి పొట్ట చూడు. మామూలు దానికి నలుపు తెలుపు గళ్లుంటాయి, రంగు గింజల మొక్కజొన్న పొత్తులాగా. కార్న్ స్నేక్ అన్న పేరు అందుకే వచ్చిందంటారు కొందరు. మోట్లీ, స్ట్రైప్, టెస్సెరా అనేవి మచ్చల తీరుని బట్టి పెట్టిన పేర్లు. మోట్లీకి వీపు మీద మచ్చలు ఒకదాన్నొకటి అంటుకుని గొలుసులా ఉంటాయి, పొట్ట మీద గళ్లుండవు. స్ట్రైప్‌కీ పొట్ట ఖాళీయే. టెస్సెరాకి వీపున పొడుగాటి గీత ఉన్నా పొట్ట మీద సాధారణంగా గళ్లుంటాయి. వీపు ఫోటో ఒక్కటే పంపేవాడిని నేను నమ్మను.

ఇక పెంపకం. ఇంటర్నెట్‌లో అందరూ హీట్ మ్యాట్ (పెట్టెకి వేడినిచ్చే కరెంటు చాప) గురించే చెప్తారు. వాళ్ల చలి వేరు. మన దగ్గర దాన్ని చంపేది మే నెల. పెట్టెలో ఒక పక్క 28, 30 డిగ్రీలు, రెండో పక్క 24 దగ్గర ఉంటే చాలు. గది 32 దాటిందంటే పెట్టెని నేల మీదికి దింపి, చుట్టూ తడి గోనెసంచులు వెయ్యి. దాక్కోడానికి పగిలిన కుండపెంకు బోర్లించు, కొన్న ప్లాస్టిక్ గుహకన్నా చల్లగా ఉంటుంది. మ్యాట్ డిసెంబరు, జనవరి రాత్రుళ్లకే, అదీ వేడి హద్దు దాటకుండా ఆపే థర్మోస్టాట్‌తో.

పిల్లకి వారానికొక చిట్టెలుక పిల్ల, పెద్దయ్యాక రెండు వారాలకొకటి. తిన్నాక రెండు రోజులు ముట్టుకోకు. కళ్లు పాలలా నీలంగా మసకబారాయంటే కుబుసం విడవబోతోందని. అప్పుడు తినకపోతే టెన్షన్ పడకు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా వీధిలో కరెంటు పోతే పాము నిక్షేపంగా ఉంది. ఫ్రీజర్‌లో దాచిన ఎలుకలు మాత్రం కరిగి వాసన కొట్టాయి. మీ అత్త నాతో ఎన్నాళ్లు మాట్లాడలేదో రాయను.

పెట్టె మూతకి రెండు పక్కలా క్లిప్పులుండాలి. తల పట్టే సందు దొరికితే చాలు, ఒళ్లంతా దూరుతుంది. అది విషం లేని పామని నీకు తెలుసు, పక్కింటివాళ్లకి తెలియదు. మచ్చలు చూసి రక్తపింజర అనుకుని కర్ర తీస్తారు. పెంచలేకపోతే పెంచగలిగేవాళ్లకి ఇయ్యి, పొలంలో మాత్రం వదలకు, అది ఈ నేల పాము కాదు. డబ్బులు ఆదా అని జెర్రిపోతు పిల్లని పట్టి తెచ్చుకుందామనుకునేవు, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. కార్న్ స్నేక్‌కైనా రసీదు తీసుకో, కాగితాలు ఏం కావాలో ఫారెస్టు ఆఫీసులో ముందే కనుక్కో.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే మనిషి, ఒకసారి ఒప్పుకుందంటే ఆ పెట్టెలో కూడా పోస్తానంటుంది. పొయ్యనివ్వకు. గిన్నెలో మంచినీళ్లు పెట్టు.

రేపు వెళ్లినప్పుడు పొట్ట ఫోటో తీసి పంపు, ఎండలో కాదు, కిటికీ పక్క వెలుతురులో.

మీ మావయ్య