ఒక్క పాట దగ్గర ఆగి రాయి

అమ్మా,

ఆశీస్సులు. అమెరికన్ జాజ్ పియానో వాద్యకారుడు బిల్ ఎవాన్స్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. రెండోసారి చదివేటప్పుడు నువ్వు ప్రస్తావించిన రికార్డులు ఒక్కొక్కటే పెట్టుకుని, విన్నచోట ఆగి, మళ్లీ నీ వాక్యం దగ్గరికి వచ్చాను. జవాబు ఆలస్యం కావడానికి కారణం అదే.

ఆ సంగీతం మీద నీకున్న ఇష్టం ప్రతి పేజీలోనూ తెలుస్తోంది. కానీ వ్యాసం నిండా ఎవాన్స్ అన్న మాటలున్నాయి తప్ప నువ్వు విన్నది లేదు. తన రికార్డుల గురించి ఆయన ఏమన్నాడు, తోటి వాద్యకారుల్ని ఎలా మెచ్చుకున్నాడు, అప్పటికప్పుడు వాయించడం అంటే ఏమని చెప్పాడు, అన్నీ వరసగా పేర్చావు. పైగా జాజ్ పుట్టిన న్యూ ఆర్లియన్స్ దగ్గర మొదలుపెట్టి జాజ్ చరిత్రంతా చెప్పుకుంటూ వచ్చావు. ఎవాన్స్ పియానో ముందు కూర్చునేసరికి సగం వ్యాసం అయిపోయింది.

1966లో తీసిన ‘యూనివర్సల్ మైండ్ ఆఫ్ బిల్ ఎవాన్స్’ అనే చిత్రాన్ని నువ్వు ప్రస్తావించావు. అందులో అన్న హ్యారీ అడుగుతుంటే తమ్ముడు పియానో దగ్గర కూర్చుని జవాబు చెబుతాడు. హ్యారీ కూడా సంగీతం చెప్పే మాస్టారే కాబట్టి ఊరికే వదిలిపెట్టడు. నువ్వు అందులోంచి ఒక్క మాటే తీసుకున్నావు. జాజ్‌ని ఒక శైలిగా చూడకూడదని, ఒక నిమిషం సంగీతాన్ని ఒక నిమిషంలోనే పుట్టించే పద్ధతిగా చూడాలని ఆయన అంటాడు కదా, అది. మంచి మాటే, అందరూ ఎత్తి రాసేదీ అదే. నీకు పనికొచ్చేది అదే చిత్రంలో ఇంకోచోట ఉంది.

‘హౌ అబౌట్ యూ’ అనే పాట తీసుకుని, నేర్చుకునేవాళ్లు దాన్ని మామూలుగా ఎలా వాయిస్తారో ఆయన చూపిస్తాడు. పైపైన వింటే పెద్ద విద్వాంసుడి ధోరణే. కానీ ఏ స్వరం ఎందుకు పడిందో వాయించేవాడికే తెలియదు. ఆ తర్వాత అదే పాటను బాగా సాదాగా వాయిస్తాడు. హంగేమీ ఉండదు, కానీ అందులో ప్రతి స్వరానికీ వాయించేవాడు పూచీ పడగలడు. మొత్తాన్ని ఉజ్జాయింపుగా పట్టుకోబోయే బదులు, చిన్న ముక్కనైనా పూర్తిగా, నిజంగా పట్టుకోమని ఆయన చెప్పేది. తెలిసీ తెలియని దాని మీద ఇంకొకటి కట్టుకుంటూ పోతే ఎన్నేళ్లయినా ముందుకు సాగదంటాడు.

నీ వ్యాసం ఆ మొదటి రకం వాయింపులా ఉంది. ఈ మాట కష్టంగా అనిపించవచ్చు. నీ మీద నమ్మకం లేకపోతే ఇది రాసేవాణ్ణి కాదు.

ఇక మాటల సంగతి. వాద్యకారుడి మాటను పక్కన పెట్టమని నేను అనను. ఆ మాట దేని గురించి అన్నాడో, ఎప్పుడన్నాడో చూసి, రికార్డు పక్కన పెట్టి తూచమంటాను. తన రికార్డు గురించి చెప్పేటప్పుడు ఏ కళాకారుడూ మనలాంటి శ్రోత కాడు. ఆ రోజు చేతికి అందకుండా పోయినదే అతని చెవిలో ఉంటుంది. 1961 ఫిబ్రవరిలో ఎవాన్స్, బేస్ (మంద్ర స్వరాల పెద్ద తంత్రీవాద్యం) వాయించే స్కాట్ లఫారో, డ్రమ్స్ వాయించే పాల్ మోషన్ కలిసి ‘ఎక్స్‌ప్లొరేషన్స్’ రికార్డు చేశారు. సరిగ్గా వాయించలేదనిపించి ఎవాన్స్ మొదట దాన్ని బయటికి రానివ్వకూడదనుకున్నాడు. విన్న తర్వాత మనసు మార్చుకున్నాడు, తర్వాతి కాలంలో దాన్ని మెచ్చుకున్నాడు కూడా. ఇందులో ఏ అభిప్రాయం ఎవాన్స్‌ది? రెండూ ఆయనవే. నువ్వు ఒకటే రాసి ఊరుకుంటే పాఠకుడికి సగం మనిషే దొరుకుతాడు.

ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందంతో ఎవాన్స్ వాయించిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’ దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ రికార్డు కవరు మీద ఎవాన్స్ రాసిన మాట ఎంత అందమైనదో నాకు తెలుసు. పలచని కాగితం మీద నల్ల సిరాతో బొమ్మ వేసే జపాను చిత్రకారులను తలుచుకుంటాడు. కుంచె తడబడితే గీత చెడుతుంది, కాగితం చిరుగుతుంది, చెరిపి దిద్దడానికి వీలుండదు. ఆ మాట చదివి చాలామంది రచయితలు అక్కడే ఆగిపోయారు, నువ్వూ ఆగావు. అదే చోట ఆయన, ఆ బృందం అంతకుముందు ఈ పాటలు వాయించలేదనీ, ప్రతిదీ మొదటిసారి పూర్తిగా వాయించినదే రికార్డుకెక్కిందనీ రాశాడు. నువ్వు దాన్ని ఉన్నదున్నట్టు దించేశావు. కానీ 1997 పునర్ముద్రణ తీసుకుని చివరిదాకా విను. ఆ రికార్డులోని ‘ఫ్లమెంకో స్కెచెస్’ పాటను మొదలు నుంచి చివరిదాకా వాయించిన టేకు ఇంకొకటి అందులో ఉంది. అది అంతకుముందు వాయించినది, మనందరం ఏళ్ల తరబడి విన్నది ఆ తర్వాతది. అంటే ఎవాన్స్ మాట వివరంలో నిలబడదు. ఆయన అబద్ధమాడాడని నేను అనను. ఆ రెండు రోజులు, 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న, న్యూయార్క్‌లో కొలంబియా వాళ్ల 30వ వీధి స్టూడియోలో వాయించినవాడికి ఎలా అనిపించిందో అదే రాశాడు. మనకు ఆ అనుభూతీ కావాలి, టేపు మీద ఉన్నదీ కావాలి. రెండింటి మధ్య ఎంత దూరం ఉందో చూపించడమే నీలాంటి వాళ్ల పని.

‘ఫ్లమెంకో స్కెచెస్’ నిర్మాణం గురించి నువ్వు రాసిన పేరా నాకు నచ్చింది. మన రాగమాలికతో పోల్చావు. ఆ పోలిక ఎంతవరకు వస్తుందో, ఎక్కడ విడిపోతుందో కూడా రాస్తే ఇంకా బాగుండేది. ‘ఫ్లమెంకో స్కెచెస్’లో అయిదు స్కేళ్లు (స్వర సముదాయాలు) ఉన్నాయి, వాటి వరస మారదు. కానీ ఒక్కో స్కేలులో ఎంతసేపు ఉండాలన్నది వాయించేవాడి ఇష్టం. తనకు చాలనిపించినప్పుడు తర్వాతి దానిలోకి వెళతాడు, బృందమంతా చెవులు రిక్కించి అతనితో కదలాలి. స్పానిష్ వాసన కొట్టే నాలుగో స్కేలు దగ్గర మైల్స్ డేవిస్ ఎన్ని ఆవర్తాలు ఉన్నాడు, శాక్సఫోన్ల మీద కోల్‌ట్రేన్ ఎన్ని, కానన్‌బాల్ ఎన్ని, చివరికి ఎవాన్స్ ఎన్ని? నేను చెప్పను, కాగితం పెట్టుకుని నువ్వే లెక్కపెట్టు. రెండు టేకులకూ పెట్టు. స్వేచ్ఛ గురించి నువ్వు రాసిన పెద్ద పేరాలు ఆ లెక్క ముందు ఎంత పలచగా ఉన్నాయో నీకే తెలుస్తుంది.

మరో సంగతి కూడా చూసుకో. మార్చి 2న రికార్డు చేసిన మూడు పాటలూ, అంటే ఎల్పీ మొదటి వైపంతా, చాలా ఏళ్లు కాస్త హెచ్చు శ్రుతిలో వినిపించాయి. రికార్డు చేసిన యంత్రం కొంచెం నెమ్మదిగా తిరగడమే కారణం; ఆ టేపును మామూలు వేగంతో తిప్పితే శ్రుతి పెరుగుతుంది. 1990లలో సరిచేశారు. శ్రుతి గురించి, వేగం గురించి రాసేటప్పుడు ఏ ముద్రణ విన్నావో చెప్పు.

తోటివాళ్ల గురించి అన్న మాటలకు వద్దాం. ‘ఎవ్రీబడీ డిగ్స్ బిల్ ఎవాన్స్’ కవరు మీద మైల్స్, అహ్మద్ జమాల్, జార్జ్ షీరింగ్, కానన్‌బాల్ ఆడర్లీ అన్న మెచ్చుకోళ్లను నువ్వు సాక్ష్యంగా వాడావు. అవి అమ్మకం కోసం అచ్చేసినవి, తీసెయ్. సంగీతకారుడు తోటివాడి గురించి ఏమనుకుంటున్నాడో తెలియాలంటే అతనికి ఎంత చోటిచ్చాడో చూడు. తన ట్రయో (ముగ్గురి బృందం) గురించి ఎవాన్స్ మొదట్లోనే ఒక మాట అన్నాడు. బేస్ వాయించేవాడికి జవాబు చెప్పాలనిపించే ఆలోచన ఒకటి వినబడితే, అతను వెనక లెక్క తప్పకుండా నాలుగు దెబ్బలు కొడుతూ ఎందుకు కూర్చోవాలని. ఆ ప్రశ్నకు జవాబు 1961 జూన్ 25న న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ అనే జాజ్ క్లబ్బులో దొరికింది. ఆదివారం, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా అయిదు విడతలు. గ్లాసుల చప్పుడూ, శ్రోతల మాటలూ రికార్డులో అలాగే ఉన్నాయి. అక్కడ లఫారో బేస్ వెనక ఉండదు. పియానోతో వాదిస్తుంది, ముందుకు దూకుతుంది, ఒక్కోసారి అడ్డం పడుతుంది. ఎవాన్స్ చేతులు వెనక్కి తీసుకుంటాడు. ఆ వెనక్కి తగ్గడంలో ఉన్న గౌరవం నాకు ఏ ఇంటర్వ్యూలోనూ అంత గట్టిగా వినబడలేదు.

పదకొండు రోజుల తర్వాత, జులై 6న, లఫారో కారు ప్రమాదంలో చనిపోయాడు. ఇరవై అయిదేళ్లు. ఎవాన్స్ నెలల పాటు కచేరీలకు దూరమయ్యాడు. ఆ రోజు వాయించిన వాటిలోంచి ముందుగా వచ్చిన ‘సండే ఎట్ ద విలేజ్ వాన్‌గార్డ్’ తీసి చూడు. మొదటి పాట ‘గ్లోరియాస్ స్టెప్’, చివరిది ‘జేడ్ విజన్స్’, రెండూ లఫారో కట్టినవే. పాటలను అలా ఎంచి అమర్చడమే తోటివాడి మీద ఎవాన్స్ అభిప్రాయం. నువ్వు మాత్రం అక్కడ చావు నీడ గురించి రెండు పేజీలు రాశావు. ఆ ఆదివారం వాయిస్తున్న ముగ్గురికీ జరగబోయేది తెలియదమ్మా. మోషన్ బ్రష్షుల చప్పుడులో మృత్యువు అడుగులు వినిపించాయని రాస్తే, అంత ఉల్లాసంగా వాయించిన ముగ్గురికీ అన్యాయం చేసినట్టే.

ఇంప్రొవైజేషన్ (అప్పటికప్పుడు వాయించడం) మీద ఎవాన్స్ చెప్పిన వాటిని నేను ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే అది రోజూ చేసే పని గురించి చెప్పినది. అయినా దాన్ని నువ్వు అర్థం చేసుకున్న తీరు నన్ను కలవరపెట్టింది. నీ ఉత్తరంలో, ఈ వ్యాసాన్ని ఒక్క రాత్రిలో రాసి, దిద్దకుండా పంపుతున్నానని, జాజ్ స్ఫూర్తికి అదే తగునని అన్నావు. ఎవాన్స్ చెరపడానికి వీల్లేని చోట పనిచేశాడు. అక్కడికి చేరడానికి ఎంత సాధన కావాలో ఆయన జీవితమంతా చూపించాడు. నీ చేతిలో చెరిపే వీలుంది, దాన్ని ఎందుకు వదులుకుంటావు?

‘నార్డిస్’నే తీసుకో. మైల్స్ 1958లో కానన్‌బాల్ రికార్డు కోసం కట్టిన పాట అది. మైల్స్ తాను దాన్ని రికార్డు చేయలేదు. ఆ రోజు పియానో వాయించిన ఎవాన్స్ మాత్రం దాన్ని వదల్లేదు. ‘ఎక్స్‌ప్లొరేషన్స్’లో లఫారోతో వాయించాడు. 1979 నవంబరులో పారిస్‌లో బేస్ మీద మార్క్ జాన్సన్, డ్రమ్స్ మీద జో లా బార్బెరాలతో వాయించినప్పుడు అది పావుగంట దాటింది. ముందు ఒంటరిగా పియానో మీద చాలాసేపు, ఎటు పోతున్నాడో మనకు అంతుపట్టకుండా తిరిగి, అప్పుడు పాటలోకి వస్తాడు. 1980 సెప్టెంబరులో చనిపోయేదాకా ఆ పాట ఆయనతోనే ఉంది. అప్పటికప్పుడు పుట్టిందని మనం మురిసిపోయే ప్రతి మలుపు వెనకా ఇరవై ఏళ్ల పరిచయం ఉంది.

కాబట్టి నేను చెప్పేది ఇది. న్యూ ఆర్లియన్స్ పేజీలు తీసెయ్. జీవిత చరిత్ర కూడా తీసెయ్, ప్లెయిన్‌ఫీల్డ్‌లో పుట్టిన సంగతి ఎక్కడైనా దొరుకుతుంది. 1961 నార్డిస్, 1979 పారిస్ నార్డిస్, ఈ రెండే పెట్టుకుని కూర్చో. మొదటిదాంట్లో పాట ఎప్పుడు మొదలైంది, రెండోదాంట్లో ఎప్పుడు? బేస్ ఎక్కడ మాట్లాడింది, ఎక్కడ ఊరుకుంది? ఎవాన్స్ ఏ పదబంధాన్ని పట్టుకుని మళ్లీ మళ్లీ తిప్పాడు? విన్నది విన్నట్టు, నీకు తెలిసిన మాటల్లో రాయి. శాస్త్రం పేర్లు తెలియకపోతే ‘కిందికి దిగింది’, ‘అక్కడే నిలబడింది’ అని రాసినా చాలు. ఎవాన్స్ మాట ఏదైనా దానికి అవసరమైతే అప్పుడు తెచ్చుకో. నాలుగు పేజీలు దాటకూడదు. అది పత్రికకు పంపే ముందు నాకు పంపు.

పాత ప్రతిని ఎప్పుడైనా వాడుకునేటట్టయితే రెండు సవరణలు. ‘కైండ్ ఆఫ్ బ్లూ’లో పియానో అంతా ఎవాన్స్‌దే అని రాశావు. ‘ఫ్రెడ్డీ ఫ్రీలోడర్’లో వాయించింది వింటన్ కెల్లీ. ‘బ్లూ ఇన్ గ్రీన్’ మైల్స్ రచన అని తేల్చేశావు. ఆ రికార్డు మీద మైల్స్ పేరే ఉంది, ఎవాన్స్ రికార్డు ‘పోర్ట్రెయిట్ ఇన్ జాజ్’లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి, తానే కట్టానని ఎవాన్స్ చెప్పుకున్నాడు. మూడూ రాయి.

ఆశీస్సులతో.