పీఠిక, నాటకం పక్కపక్కన పెట్టుకుని చదవండి

మాటకున్న బలం తెలుసుకోవాలంటే కథలు చదవాలా, ఒప్పించే వ్యాసాలు చదవాలా అని అడిగారు. రెండూ చదవండి. ఒకే విషయం మీద ఒకే చేయి రాసినవి దొరికితే ఇంకా మంచిది. నాకు అలా దొరికింది గురజాడ నాటకం 'కన్యాశుల్కం', దాని పీఠిక. పిల్ల తండ్రి డబ్బు (శుల్కం) పుచ్చుకుని పెళ్లి చేసే ఆచారం మీద రాసినవి.

ఎం.ఏ.లో మా మాస్టారు నాటకం కంటే ముందు, 1897 నాటి తొలి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠిక చదివించారు. అందులో ఉన్న లెక్క ఇది: విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల లెక్క తీయిస్తే 1034 తేలాయి. ఆ పెళ్లికూతుళ్లలో 99 మందికి ఐదేళ్లు, ముగ్గురికి ఏడాది. ఆ చివరి అంకె దగ్గర క్లాసులో ఎవరం మాట్లాడలేదు. తర్వాత నాటకం తెరిస్తే ఆ లెక్కల ఊసే లేదు. ముసలివాడికిచ్చి పెళ్లి చేయబోయే సుబ్బి అనే ఒక్క పిల్ల, ఆ పెళ్లి వద్దని నూతిలో దూకే తల్లి.

నేను ఎక్కువ నేర్చుకున్నది మాత్రం నాటకంలోని మాటకారి మోసగాడు గిరీశం దగ్గర. "పొగతాగనివాడు దున్నపోతై పుట్టున్" అని ముగిసే పద్యం చదివి, పురాణంలో ఉందంటాడు. కందం నడక, పురాణం పేరు, చివర ఒక శాపం. ఈ మూడూ చాలు, అబద్ధం పెద్దమనిషిలా నడిచొస్తుంది. అంతకంటే భయం వేసింది సుబ్బి అక్క, చిన్న వయసులోనే వితంతువైన బుచ్చమ్మతో అతను మాట్లాడే తీరు చూసి. వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవాలని సంస్కర్తలు చెప్పే మాటలే చెబుతాడు, తన అవసరానికి. అప్పటినుంచి ఏ ఉపన్యాసం విన్నా దీనివల్ల ఎవరికి లాభమని ఆలోచిస్తున్నాను.

తర్వాత మా ఊరి సాయంత్రం బస్సు తీసేశారు. అర్జీ నేనే రాశాను. మొదటి చిత్తులో "విద్యార్థినులు తీవ్ర ఇబ్బందులకు గురవుతున్నారు" అని పెట్టాను. చదివితే నాకే ఏమీ కనపడలేదు. పక్కన పడేసి ఒక పేజీ కథ రాశాను. అందులో ఒక అమ్మాయి చెరువుగట్టు మొదట్లో చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంటుంది, అడుగుల చప్పుడు వినపడకూడదని. ఆ వాక్యం రాశాకే అర్జీలో ఏం ఉండాలో తెలిసింది: 11 మంది ఆడపిల్లలు, 4 కిలోమీటర్లు, గట్టు మీద ఒక్క లైటు లేదు, ఇల్లు చేరేసరికి 7.10.

మీ వీధిలో సమస్య ఒకటి తీసుకుని రెండు రకాలుగానూ రాసి చూడండి. కథ ముందు రాయండి. నేను అర్జీతో మొదలుపెట్టి రెండు రోజులు పోగొట్టుకున్నాను.